టప్ మన్న ప్రతిసారీ

గుంతకల్లు,
2 జూన్ 2025

నాగలక్ష్మికి,

నీ పెట్టె చేరింది. అట్ట మీద అంటించిన టేపు ఒక మూల లేచి ఉంది. దారిలో ఎవరైనా విప్పి చూశారా, లేక నువ్వు అంటించినప్పుడే అలా ఉందా? ఈ ఒక్క సంగతీ తప్పకుండా రాయి.

చీటీలో నువ్వు రాసినట్టే చేశాను. హెడ్‌ఫోన్ పెట్టుకొని స్విచ్ వేసి, కూత వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కాను. చివర్లో అంకె వచ్చింది. ఇరవైకి ఇరవై! మూడు రోజులు వరసగా ఇరవైకి ఇరవై. కదిరిలో మైకుసెట్లు బాగుచేసుకునే నా చెల్లెలు ఇంత పనిమంతురాలని ఊరంతా చెప్పుకోవాలనిపించింది. కానీ ఎవరికీ చెప్పలేదు.

రెండు లోపాలు మాత్రం ఉన్నాయి. ఒకటి, స్విచ్ వేసిన దగ్గర్నుంచీ ఝుమ్మని ఒకటే రొద. రెండోది, కూత మొదలయ్యేటప్పుడు చెవిలో టప్ మంటుంది, ఎవరో వేలితో కొట్టినట్టు. టప్‌తో నాకు ఇబ్బంది లేదు. రొద పోయే మార్గం చెప్పు.

ఆగస్టు మొదటి వారంలో నా మెడికల్. ఈసారి చెవులు గట్టిగా చూస్తారట. నా చెవులకేం, బాగానే ఉన్నాయి. పరీక్ష అన్నాక కాస్త అలవాటు ఉండాలని నిన్ను పెట్టె అడిగాను. అందులో తప్పితే పట్టాలు చూసే ఈ కీమ్యాన్ పని తీసేసి ఎక్కడో గదిలో కూర్చోబెడతారు. ఇరవై ఆరేళ్లు భుజాన సుత్తి వేసుకొని పట్టాల వెంట నడిచినవాణ్ణి. పట్టాను పట్టి ఉంచే క్లిప్పు మీద ఒక దెబ్బ కొడితే అది బిగువో వదులో చప్పుడును బట్టి చెప్పేవాణ్ణి. నన్ను తీసుకుపోయి ఫైళ్లు మోయమంటే ఏం బతుకు?

ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టాలని చూసేవాళ్లూ ఉన్నారు. పక్క బీటు కీమ్యాన్ ఐజాక్ నీకు తెలుసుగా, మన ఇంట్లో ఎన్నిసార్లు తిన్నాడో. తన పని ముగించుకొని రోజూ నా వెనకే నడుస్తున్నాడు. నా బీటు పట్టాల మీద వాడికేం పని? పోయిన నెలలో నా మీద రాయి కూడా వేశాడు. నా వీపున ఉన్న సంచికి తగిలింది. వాణ్ణి పట్టుకుందామని పట్టాలు దిగి పరిగెత్తాను. ఇంతలో గూడ్సు అడ్డం వచ్చింది, లేకపోతే వాడి పని ఆరోజే అయిపోయేది.

ఫోన్ చెయ్యొద్దు. ఇక్కడ ఎవరి మాటలు ఎవరు వింటున్నారో తెలియదు. మెసేజీ పెడితే మీ వదిన చూస్తుంది. మా సెక్షన్ ఆఫీసు చిరునామాకు ఉత్తరం రాయి. చదివాక దీన్ని చించెయ్.

వేణుగోపాల్


కదిరి,
7 జూన్ 2025

అన్నా,

చించెయ్యమన్నావు కాబట్టి చించలేదు. టేపు నేనే అలా అంటించాను. కత్తెర దొరక్క పళ్లతో కొరికాను. ఇందులో దొంగలెవరూ లేరు.

ఫోన్ ఎందుకు వద్దంటున్నావో నాకు వేరే అనుమానం ఉంది. ఉగాది అయిన వారానికి నేను ఫోన్ చేశాను. మా అత్త బాత్రూంలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుందని చెప్పాను. "సరే, సరే, సంతోషం" అన్నావు. రెండు నెలలుగా ఆ మాట నాకు గొంతులో ముల్లులా ఉంది. మా ఆయన పక్కనే ఉండి విన్నాడు. వదిన నా మీద నీకేమైనా నూరిపోసిందా? అలాగైతే మొహం మీదే చెప్పు, పెట్టె మాత్రం అడుగుతూ మనిషిని వద్దనుకోవడం ఏం మర్యాద?

ఇక రొద సంగతి. అది కరెంటు రొద. పెట్టెలో ఒకచోటి తీగ ఇంకోచోట నేలకు కలిసి చుట్టు తిరిగితే ఝుమ్మంటుంది. దాన్ని నేను సర్దాలి. రెండో కారణం నీ ఇంట్లో ఉండొచ్చు. మన నేల సంగతి తెలుసుగా, వాన పడక ఎర్త్ గుంత ఎండిపోతే ఎర్త్ పని చెయ్యదు. నాయన వేసవిలో వారానికోసారి రేడియో షాపు వెనక గుంతలో ఉప్పునీళ్లు పోసేవాడు, గుర్తుందా? నువ్వు బిందె మోసేవాడివి, నేను ఉప్పు తినేదాన్ని. మీటరు కింద గుంత ఉంటుంది చూడు. ఒక బిందె నీళ్లలో రెండు దోసిళ్ల ఉప్పు కలిపి పోసి, మళ్లీ విని రాయి.

టప్‌తో ఇబ్బంది లేదంటావేం? నాకుంది. నేను చేసిన పెట్టె చెవిలో టప్ మంటే నాకు నామర్దా. తొందరలో ప్రతి కూతకూ యాంప్లిఫయర్ ఆన్ అయ్యి ఆఫ్ అయ్యేలా పెట్టాను. ఆన్ అయినప్పుడల్లా లోపలి కెపాసిటర్ ఒక్కసారిగా నిండుతుంది, ఆ తోపు హెడ్‌ఫోన్‌కు తగులుతుంది. పెట్టె వెనక్కి పంపితే రెండూ తీసేస్తాను.

నాగలక్ష్మి


గుంతకల్లు,
14 జూన్ 2025

నాగలక్ష్మికి,

నీ సలహా వల్ల నా కొంప మునిగింది.

ఇక్కడ కొళాయి మూడు రోజులకొకసారి. మీ వదిన సాయంత్రం కుట్టుపని నేర్పడానికి పోయిందని, బిందెడు నీళ్లలో ఉప్పు కలిపి మీటరు కింద పోస్తున్నాను. తల ఎత్తితే ఎదురుగా నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో! పిల్లిలా వస్తుంది ఈ మధ్య. "ఏమయ్యా, తాగేదానికి నీళ్లు లేక సస్తాంటే ఉప్పు కలిపి మన్నుకు పోస్తాండావే! ఎవురికి ఏం చేస్తాండావు?" అని రెండుసార్లు గట్టిగా అరిచింది. నేనేదో మంత్రాలు మొదలుపెట్టాననుకుంది. తెల్లారేసరికి తలుపుకు నిమ్మకాయ వేలాడుతోంది.

అది నిజంగా భయమో, లేక పెట్టె సంగతి తెలిసి ఆడుతున్న నాటకమో నాకు అర్థం కావడం లేదు. మొన్న మధ్యాహ్నం గేటు దగ్గర ఐజాక్, ఆమె నిలబడి మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి పెదాలు మూసుకున్నారు. ఇంట్లో కూడా అంతే. అందరూ నోట్లో నోట్లో గొణుక్కుంటారు, "ఏంటి?" అని అడిగితే "ఏంలేదులే" అంటారు. ఏమీ లేనిదానికి అంత గొణుగుడు ఎందుకు?

మీ అత్త చెయ్యి విరిగిందని ఫోన్లో నువ్వు చెప్పనేలేదు. చెప్పి ఉంటే నేను సంతోషం అంటానా? నీకూ నాకూ మధ్య ఎవరో మాటలు మారుస్తున్నారు.

ఉప్పునీళ్లు పోసినా రొద తగ్గలేదు. ఒకవేళ కొండ మీది గాలిమరలదేమో, అవి రోజంతా తిరుగుతూనే ఉంటాయి. పెట్టె పంపుతున్నాను. రొద ఒక్కటే తియ్యి. టప్ జోలికి పోవద్దు, అది నాకు అలవాటైపోయింది.

వేణుగోపాల్


కదిరి,
24 జూన్ 2025

అన్నా,

నేను చెప్పలేదంటావా? మా ఆయన సాక్షి, మంచం మీద మూలుగుతున్న మా అత్త సాక్షి. సరే, ఆ పంచాయితీ మెడికల్ అయ్యాక పెట్టుకుందాం.

పెట్టె విప్పాను. రొద నా తప్పే. నేలకు పోయే తీగలన్నీ తలా ఒక చోట కలిపాను. ఇప్పుడు అన్నిటినీ ఒకే మేకు దగ్గరికి తెచ్చి బిగించాను. ట్రాన్స్‌ఫార్మర్‌ను మూలకు జరిపి, హెడ్‌ఫోన్‌కు పైన లోహపు జాలీ చుట్టిన తీగ వేశాను. నువ్వు వద్దన్నా టప్ కూడా తీసేశాను. ఇప్పుడు యాంప్లిఫయర్ ఆరిపోదు, కూత మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది. మొదట స్విచ్ వేసినప్పుడు కూడా లోపల అంతా కుదురుకున్నాకే హెడ్‌ఫోన్ కలుస్తుంది. షాపు షట్టరు దించుకొని విన్నాను. కూతకూ కూతకూ మధ్య నా ఊపిరి నాకే వినిపించింది. ఇరవై ఏళ్లలో ఇంత శుభ్రమైన పని చెయ్యలేదు అన్నా, నాయన ఉంటే భుజం తట్టేవాడు.

ఒక సంగతి చెప్పాలి. వదిన ఫోన్ చేసింది. "నాగలక్ష్మీ, మీ అన్న దాపెట్టుకొని ఏందో చేస్తాండాడు. నీకేమన్నా తెలుసునా?" అని అడిగింది. నాకేం తెలుసు వదినా అన్నాను. "తెలిస్తే చెప్పమ్మా, నాకు భయమవుతాండాది" అంది. ఏం భయమంటే చెప్పలేదు. ఆమె నా దగ్గర ఏదో లాగుతోందని నాకూ అనిపించింది. నీ కోసం అబద్ధమాడాను, గుర్తుపెట్టుకో.

నాగలక్ష్మి


గుంతకల్లు,
1 జూలై 2025

నాగలక్ష్మికి,

ఎవరు చెప్పారు నీకు ఈ పని చెయ్యమని?

పెట్టె చచ్చిపోయింది. స్విచ్ వేస్తే ఎర్ర దీపం వెలుగుతుంది, అంతే. కూత లేదు. చెవి పక్కన ఎండు బావి పెట్టినట్టుంది. ఎప్పుడో ఒకటి అరా బొంగురుగా పలికింది. చివర్లో అంకె చూస్తే మూడు! ఇరవైకి మూడు! మర్నాడు మళ్లీ మూడు. నెల క్రితం ఇరవైకి ఇరవై తెచ్చుకున్నవాణ్ణి.

పైగా నువ్వు తీసేశానన్న రొద అలాగే ఉంది. వినపడాల్సింది పోయింది, పోవాల్సింది మిగిలింది. ఇదేనా ఇరవై ఏళ్లలో శుభ్రమైన పని?

నాకొకటి తోస్తోంది. మీ వదిన నీకు ఫోన్ చేసిన తర్వాతే ఇది జరిగింది. నేను మెడికల్‌లో తప్పాలని ఆమె కోరిక. "ఇంక లైను మీద తిరిగింది సాలు" అని ఈ మధ్య సతాయిస్తోంది. ఐజాక్ కోరికా అదే. ఇప్పుడు నువ్వూ వాళ్లలో కలిశావా? తోబుట్టువు కూడా ఇలా చేస్తే నేనెవరిని నమ్మాలి?

పెట్టె తిప్పి పంపుతున్నాను. మొదట ఎలా ఉందో అలాగే చెయ్యి. ఆ టప్ దానిలో మళ్లీ ఉండాలి. మెడికల్‌కు ఇంక నెల రోజులే ఉంది.

వేణుగోపాల్


కదిరి,
8 జూలై 2025

అన్నా,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెడదామనుకున్నాను. కోపంతోనే పెట్టె విప్పాను. దారిలో తీగ ఊడి ఉంటుంది, ఆ తీగను ఫోటో తీసి నీ మొహాన కొడదామనుకున్నాను.

ఏ తీగా ఊడలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకొని ఆడాను. కూతలన్నీ చక్కగా పలికాయి. నాకు ఇరవైకి ఇరవై. మా అత్త చేత ఆడించాను. డెబ్బై ఏళ్ల మనిషికి పధ్నాలుగు వచ్చాయి.

నువ్వు ఏ కూతకు నొక్కావో ఆ పెట్టె గుర్తుపెట్టుకుంటుంది. నీ మూడూ బొంగురు కూతలే. సన్న కూత ఒక్కటీ లేదు. అది చూశాక నాకు అనుమానం మొదలైంది. అప్పుడు ఇంకో పని చేశాను. పాత సర్క్యూట్ ముక్క మళ్లీ పెట్టి టప్ వచ్చేలా చేశాను, కూత వచ్చే తీగ మాత్రం తీసేశాను. అంటే పెట్టెలో కూతే లేదు, టప్ ఒక్కటే. టప్ మన్న ప్రతిసారీ బొత్తాం నొక్కాను. ఇరవైకి ఇరవై అని చూపించింది.

నువ్వు విన్నావో లేదో పెట్టెకు తెలియదు అన్నా. సమయానికి నొక్కావో లేదో అంతవరకే తెలుసు. మూడు రోజులు నువ్వు విన్నది నా పనిలో ఉన్న తప్పును.

ఒక్క మాట విను. పెట్టె మళ్లీ నీ దగ్గరికి వచ్చాక దానికి కరెంటు పెట్టొద్దు. ప్లగ్గు పీకి, పక్కన పెట్టు. ఊరికే హెడ్‌ఫోన్ చెవులకు తగిలించుకొని కూర్చో. అప్పుడూ ఝుమ్మనే రొద వస్తే అది నేను బాగుచేసేది కాదు.

ఇప్పుడు నాకు అన్నీ ఒక్కొక్కటే అర్థమవుతున్నాయి. మా అత్త పడిందంటే సంతోషం అన్నది మనసారా కాదు, వినపడనిది కప్పుకోవడానికి ఏదో ఒకటి అన్నావు. మూడు నెలలు నీ మీద పళ్లు నూరాను. నన్ను క్షమించు.

కానీ నువ్వు నడిచేది పట్టాల మీద. వెనక నుంచి రైలు వస్తే? రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు నాకు. ఆ రాయి సంగతి మొదటి ఉత్తరంలో మళ్లీ చదివాను. నువ్వు కూడా మళ్లీ ఆలోచించు. రాయి తగిలింది, పట్టాలు దిగావు, గూడ్సు వచ్చింది. ఏది ముందు, ఏది తర్వాత?

టప్ మళ్లీ పెట్టను. మెడికల్ లోగా నువ్వే వదినకు చెప్పు. లేకపోతే నేను చెబుతాను.

నీ చెల్లెలు
నాగలక్ష్మి


గుంతకల్లు,
14 జూలై 2025

నా చెవులు నాకు తెలుసు. నువ్వు డాక్టరువా? మైకుసెట్టు మెకానిక్కువి. పెట్టెలో టప్ పెట్టి పంపు. మీ వదినకు ఒక్క మాట చెప్పావంటే నీకు అన్న లేడనుకో.

వే.


కదిరి,
18 జూలై 2025

అన్నా,

నిజంగానే లేకుండా పోయే అన్న కంటే నాతో మాట్లాడని అన్న నయం. ఈరోజే వదినకు ఫోన్ చేశాను. అంతా చెప్పాను.

ఆమె ఏడవలేదు, ఆశ్చర్యపోలేదు. ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఒక్క ముక్కా మార్చలేదు. "నాకు ఏడాదినుంచీ తెలుసు నాగలక్ష్మీ. కుక్కరు కూతేస్తాంటే పక్కనే కూసోని పేపరు సదువుకుంటాంటాడు. చెవులు సూపించుకుందాం రావయ్యా అంటే కొట్లాటకొస్తాడు. ఆఫీసులో చెప్తే పరువు పాయ అని ఏం చేసుకుంటాడో అని భయం. అందుకే ఐజాక్‌ను బతిమాలుకున్నా, నీ పని అయినాక ఈయన ఎనకనే పో నాయనా అని. ఎండలో పాపం ఆ మనిషి రెండు బీట్లు నడుస్తాండాడు."

గేటు దగ్గర గుసగుసలు అవి. నువ్వు వాళ్ల మీదా నా మీదా అనుమానపడ్డావు, నేను వదిన మీద పడ్డాను. అందరిలోకీ మంచి పని చేసింది వాళ్లిద్దరూ. నాకు సిగ్గుగా ఉంది.

పెట్టె పంపుతున్నాను. టప్ లేదు. ప్లగ్గు పీకి విను.

నాగలక్ష్మి


గుంతకల్లు,
9 ఆగస్టు 2025

చెల్లెలికి,

మూడు వారాలు రాయలేదు. కోపంతో మొదలై, తర్వాత సిగ్గుతో ఆగిపోయాను.

నీ పెట్టె పది రోజులు మంచం కింద పడేశాను. ఒక ఆదివారం పొద్దున గాలి పూర్తిగా ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే కొండ మీద గాలిమరల రెక్కలు ఒక్కటీ కదలడం లేదు. పెట్టె తీశాను. ప్లగ్గు పెట్టలేదు. హెడ్‌ఫోన్ తగిలించుకున్నాను. ఝుమ్మని రొద వచ్చింది. హెడ్‌ఫోన్ తీసి మంచం మీద పెట్టాను. రొద పోలేదు. ఉప్పునీళ్లు పోయాల్సిన గుంత మీటరు కింద లేదని, నా చెవుల్లోనే ఉందని అప్పుడు తెలిసింది.

మర్నాడు డ్యూటీలో ఐజాక్‌ను ఆపి అడిగాను, ఆరోజు రాయి ఎందుకు వేశావని. వాడు నా మొహం మీదికి వంగి, పెదాలు బాగా కదిలిస్తూ చెప్పాడు. "అన్నా, నీ ఎనకాల గూడ్సు వస్తాండాది. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి సస్తాండాడు. నేను కేకలేసినా. నువ్వు తిరిగి సూడ్లేదు. కంకర్రాయి తీసి నీ సంచికి ఏసినా. అప్పుడు తిరిగినావు, నన్ను కొట్టేదానికి దిగినావు. కొడితే కొట్టించుకుందాంలే అనుకున్యా." వాడి భుజం పట్టుకొని చాలా దూరం నడిచాను. నెలల తరబడి వాణ్ణి దొంగ అన్న నోరు ఇది.

మొన్న మంగళవారం మెడికల్. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, వినపడితే వేలెత్తమన్నారు. నీ పెట్టె లాంటిదే, కాకపోతే దానిలో టప్ లేదు. కానీ నా ఎదురుగా అద్దాల బీరువా ఉంది. దాని అద్దంలో నా వెనక కూర్చుని పరీక్ష చేసే ఆమె మోచెయ్యి కనిపిస్తోంది. మీట నొక్కిన ప్రతిసారీ ఆ మోచెయ్యి కొంచెం కదులుతోంది. అది కదిలినప్పుడు వేలెత్తితే చాలు. మొదటి రెండుసార్లు ఎత్తాను కూడా. నీ దగ్గర ఎందుకు దాచాలి.

మూడోసారి ఐజాక్ ఎండలో నా వెనక నడవడం గుర్తొచ్చింది. నేను నెగ్గితే వాడు ఇంకెన్నేళ్లు నడవాలి? కళ్లు మూసుకున్నాను. "మొదట్నుంచీ పెట్టండమ్మా, ఇందాకటివి నేను వినలేదు, అద్దంలో చూసినా" అని చెప్పాను. ఇక వేలు ఎత్తింది మూడు నాలుగుసార్లే.

లైను మీద నుంచి తీసేశారు. సుత్తి, జెండాలు నిన్న అప్పజెప్పాను. ఐజాక్ సుత్తి అందుకొని ఒక పట్టా మీద కొట్టి నా వైపు చూశాడు. నేను వంగి పట్టాను చేత్తో తాకాను. అదురు తెలిసింది. చాల్లే అనుకున్నాను. ఏడుపొచ్చింది, అక్కడే ఏడ్చాను, ఎవరున్నారో కూడా చూసుకోలేదు.

చెవి మిషనుకు కొలతలు ఇచ్చాము, రావడానికి కొన్నాళ్లు పడుతుందట. మీ వదిన తలుపు నిమ్మకాయ తీసేసింది. మీ అత్త చెయ్యి ఇప్పుడు ఎలా ఉంది? ఇన్నాళ్లకు అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దని ఆమెకు చెప్పు.

ఇక ఆఫీసు చిరునామాకు రాయనక్కర్లేదు. ఆదివారం ఫోన్ చెయ్యి. మీ వదిన ఎత్తుతుంది. నువ్వు చెప్పింది విని, నా ఎదురుగా కూర్చొని నాకు చెబుతుంది. ఆమె ఏం చెబితే అదే నువ్వు అన్నావని నమ్ముతాను.

నీ అన్న
వేణుగోపాల్